ఉలికి మడి కట్టకండి

‘మెషీన్ చేసిన పనే కదా!’ శిల్ప ప్రదర్శనల్లో ఈ మాట ఇప్పుడు తుది తీర్పులా వినిపిస్తోంది. ఆ మాట అన్నాక బొమ్మ వైపు ఇంకోసారి చూసేవారుండరు. రూపం నిలబడిందా, బరువు ఎక్కడ ఆనింది, వెలుగు ఏ మలుపు దగ్గర ఆగింది అనే ప్రశ్నలకు ఇక పని లేదు. త్రీడీ ప్రింటర్‌లోంచి వచ్చిందా, కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ రౌటర్ చెక్కిందా, గీతల యంత్రం ప్లాటర్ గీసిందా, అయితే అది సరుకు. ఉలి పట్టి, అరచేతులు కాయలు కాచేలా శ్రమపడి చేసిందే కళ. దారిన పోయేవారెవరో ఇలా అంటే నవ్వి ఊరుకోవచ్చు. శిల్పం నేర్పేవారు, బహుమతులు తేల్చేవారు, సమీక్షలు రాసేవారు కూడా ఇదే అంటున్నారు కనుక ఊరుకోవడానికి వీల్లేదు. ఈ అభిప్రాయం చరిత్ర ముందు నిలవదు, పనిశాలలో నిలవదు, పైగా తాను కాపాడతానంటున్న కళాకారులకే చేటు చేస్తుంది.

ముందు పూర్వపక్షాన్ని దాని పూర్తి బలంతో చెప్పాలి. చేతిపని పక్షంవారు నాలుగు మాటలు చెబుతారు. ఒకటి, మహాశిల్పులు తమ చేతులతో తామే చెక్కారు. ఆ స్పర్శే శిల్పానికి ప్రాణం. రెండు, యంత్రానికి ఫైలు ఇచ్చి బటన్ నొక్కితే చాలు. నైపుణ్యంతో పని లేదు. మూడు, యంత్రం వచ్చాక గీత చచ్చిపోతుంది. బొమ్మ గీయడం రానివాడు కూడా శిల్పినంటాడు. నాలుగు, రాయి కొట్టి బతికే కుటుంబాల నోటికాడి కూడు పోతుంది. నాలుగో మాటలో నిజమైన బాధ ఉంది. దానికి జవాబు వేరుగా, నిదానంగా చెప్పాలి. మొదటి మూడూ తెలిసీ తెలియని మాటలు.

ఒంటి చేతి కథ

తన చేత్తో తాను చెక్కినవాడే శిల్పి అయితే ముందుగా ఫ్రెంచి శిల్పి ఆగస్త్ రోదిన్ పేరు కొట్టేయాలి. ఆయన పేరుతో ఉన్న చలువరాతి శిల్పాల్లో ఆయన స్వయంగా చెక్కినవి దాదాపు లేవు. ఆయన మట్టిలో రూపం కట్టేవాడు. దాన్ని ప్లాస్టర్‌లోకి తీసేవారు. రాతి పని జీతానికి కుదిరిన శిల్పులది. తర్వాత తానూ పెద్ద శిల్పిగా పేరు తెచ్చుకున్న బూర్దెల్ ఏళ్ల తరబడి రోదిన్ దగ్గర అలా రాయి చెక్కినవాడే. లోకమంతా ఎరిగిన ‘ది థింకర్’ మొదట సుమారు 70 సెంటీమీటర్ల బొమ్మ. దాన్ని మనిషి కొలత దాటించి పెంచినవాడు ఆన్రీ లెబోసే. అందుకు వాడింది 1830ల్లో అషీల్ కొలాస్ తయారుచేసిన యంత్రం. దాని ఒక కొసన ఉన్న ముల్లు నమూనా ఒంటి మీద పాకుతుంటే, రెండో కొసన ఉన్న కత్తి అదే రూపాన్ని మరో కొలతలో కోస్తుంది. 1904లో పారిస్ జనం చూసిన పెద్ద విగ్రహం ఆ యంత్రం గుండా వచ్చిందే. ఈ రోజు స్కానరూ సీఎన్‌సీ కలిసి చేసే పని సూత్రంలో అదే. ముల్లు స్థానంలో కాంతి వచ్చింది, కడ్డీల స్థానంలో అంకెలు వచ్చాయి.

రోదిన్ పోయాక కూడా ఆయన అచ్చుల నుంచి కంచు విగ్రహాలు పోతపోస్తూనే ఉన్నారు. ఫ్రాన్స్ నిబంధనల ప్రకారం ఒక్కో శిల్పానికి 12 పోతల వరకు అసలు కృతులుగానే లెక్క. శిల్పి చెయ్యి తగలడానికి వీలే లేని ఆ కంచును మ్యూజియాలు నెత్తిన పెట్టుకుంటాయి. దాని ముందు చేతులు కట్టుకుని నిలబడే రసజ్ఞుడే, ఓ విద్యార్థిని తాను మలచిన రూపాన్ని ప్రింటర్‌తో తీస్తే ‘ఇందులో నీ చెయ్యేదమ్మా?’ అని అడుగుతాడు.

రోదిన్‌కూ ఈ అవమానం తప్పలేదు. 1877లో ‘ఏజ్ ఆఫ్ బ్రాంజ్’ విగ్రహం చూపించినప్పుడు, ఇది మలచింది కాదు, బతికున్న మనిషి ఒంటి మీదే అచ్చు తీసి పోసిందని ఆరోపించారు. నమూనాగా నిలబడిన మనిషి ఫొటోలు తెచ్చి, విగ్రహం పక్కన పెట్టి, తేడాలు చూపించుకోవాల్సి వచ్చింది. రూపం మరీ బాగుంటే మోసం ఉందనుకోవడం, ఎలా చేశావో చెప్పమని నిలదీయడం, ఏం చేశావో చూడకపోవడం అప్పుడూ ఉన్నాయి.

రోదిన్ కంటే దాదాపు వందేళ్ల ముందటి ఇటలీ శిల్పి కనోవా సంగతి చూడండి. నిండు కొలత ప్లాస్టర్ నమూనా మీద లోహపు మేకులు గుచ్చి, ఆ బిందువుల మధ్య దూరాలు కొలిచి, సహాయకులు చలువరాతిని దాదాపు చివరిదాకా తెచ్చేవారు. ఆయన ఆఖరి మెరుగు పట్టేవాడు. ఇటలీలోని పొస్సాన్యోలో ఆ ప్లాస్టర్లు ఇప్పటికీ ఒంటినిండా మేకులతో నిలబడి ఉన్నాయి. బిందువులు కొలిచి రూపాన్ని ఒక పదార్థంలోంచి మరో పదార్థంలోకి మోసుకెళ్లడం కంప్యూటర్ కనిపెట్టిన పాపం కాదని చూపడానికి ఆ మేకులు చాలు.

‘అది ఐరోపా సంగతి, మన సంప్రదాయం వేరు’ అంటారా? మన వాస్తు, శిల్ప గ్రంథాలు పనిని నలుగురికి పంచాయి. మొత్తం రూపకల్పన స్థపతిది. సూత్రం పట్టి కొలత గీసేవాడు సూత్రగ్రాహి. కోసి చెక్కేవాడు తక్షకుడు. కూర్చి పూర్తిచేసేవాడు వర్ధకి. శిల్పం ఒంటిచేతి పని అని మన శాస్త్రం అనలేదు. హుస్సేన్‌సాగర్ బుద్ధుడి గురించి చెప్పేటప్పుడు గణపతి స్థపతి పేరు చెబుతాం, అది న్యాయమే. కానీ రాయగిరి గుట్ట నుంచి తెచ్చిన ఆ సుమారు 58 అడుగుల ఏకశిలను ఆయన ఒక్కడే చెక్కాడని ఎవరూ నమ్మరు. దాని వెనక పెద్ద శిల్పుల దండు ఉంది. 1990 మార్చిలో పడవ నుంచి జారి మునిగి, 1992 డిసెంబరులో పైకి తీసిన ఆ విగ్రహాన్ని నిలబెట్టడంలో ఇంజినీర్ల పాలూ తక్కువది కాదు. అయినా అది శిల్పమే.

ఆదిలాబాద్ డోక్రా తీసుకోండి. బంకమట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి నగిషీ కడతారు. పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన సందులోకి కరిగిన ఇత్తడి పోస్తారు. కళాకారుడి వేళ్లు తాకిన మైనం ఏనాడో ఆవిరైంది. చేతికొచ్చిన లోహం చీకట్లో, ఎవరి స్పర్శా లేకుండా ఆ రూపం దాల్చింది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పి, ఉలి ఆనించి, తిరిగే కర్రకే లక్క తాకించి రంగు పట్టిస్తారు. తిప్పేది కరెంటు మోటారైనా లక్క పిడత అందం తగ్గిందని ఎవరూ అనలేదు. సూర్యాపేటలో పుట్టి విశాఖలో పాఠం చెప్పిన జి. రవీందర్ రెడ్డి చేసిన పెద్ద పెద్ద తలలు, పూలు ముడిచిన జడలు, తెరిచిన కళ్లు ప్రపంచమంతా తిరిగాయి. అవి ఫైబర్‌గ్లాస్‌తో అచ్చులోంచి తీసినవి. పడవలూ కారు బాడీలూ చేసే సరుకే అది. వాటికి ప్రాణం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ కనురెప్ప ఎంత లావుండాలి, ఆ పెదవి ఎక్కడ ఆగాలి అన్న నిర్ణయాల నుంచి. శిల్పమంటే అలాంటి నిర్ణయాల పోగు. చెయ్యి వాటిని మోసే సాధనాల్లో ఒకటి, అన్నిటికంటే పాతది.

బటన్ ఎక్కడుందో చూపించండి

ఇక రెండో మాట. బటన్ నొక్కితే శిల్పం వస్తుందనేవారు ఒక్కపూట సీఎన్‌సీ పక్కన నిలబడితే చాలు.

తెర మీద రూపానికి బరువు ఉండదు. గాల్లో తేలుతుంది, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. సన్నని చీలమండల మీద నిండైన ఒళ్లు నిలబెట్టినా తెర అభ్యంతరం చెప్పదు. అదే రూపాన్ని రాతిలోకి దించితే మొదటి కుదుపుకే చీలమండ విరుగుతుంది. పాత శిల్పులు నాట్యగత్తె కాలి పక్కన తీగనో, చెట్టు మొద్దునో, జారిన చీర కుచ్చెళ్లనో ఎందుకు పెట్టారో తెర మీద పనిచేసేవాడికి అప్పుడు తెలిసొస్తుంది. పదార్థం ముందు తల వంచక తప్పదు. ఆ పాఠం యంత్రం వల్ల రద్దు కాలేదు, కాస్త ఆలస్యంగా, ఎక్కువ ఖర్చుతో వస్తుంది.

తర్వాత కత్తి సంగతి. ముందు పెద్ద కత్తితో గరుకుగా తీస్తారు, తర్వాత గుండ్రని మొన ఉన్న చిన్న కత్తితో వరసలు వరసలుగా దువ్వుతారు. మొన వ్యాసార్ధం 3 మిల్లీమీటర్లైతే అంతకంటే ఇరుకైన లోపలి మడత ఆ కత్తికి అందదు. మూడు అక్షాల యంత్రం పైనుంచి కిందికి మాత్రమే దిగగలదు. చెవి వెనక సందు, గడ్డం కింద నీడ, ముంజేతికీ నడుముకీ మధ్య ఖాళీ దానికి చేరవు. అప్పుడు రాయిని తిప్పి మళ్లీ కట్టాలా? ముక్కలుగా చెక్కి అతకాలా? రూపాన్నే మార్చి ఆ సందును మూసేయాలా? యంత్రాన్ని అక్కడ ఆపేసి ఉలి చేతికి తీసుకోవాలా? నాలుగు దారుల్లో ఏది పట్టినా శిల్పం వేరుగా వస్తుంది. ఏది పట్టాలో యంత్రం చెప్పదు.

త్రీడీ ప్రింటర్‌కు తన సొంత మొండితనం ఉంది. మామూలుగా వాడే రకం 0.4 మిల్లీమీటర్ల సన్నని రంధ్రంలోంచి కరిగిన ప్లాస్టిక్‌ను పొర మీద పొరగా పేరుస్తుంది. నిలువు నుంచి 45 డిగ్రీలు దాటి బయటికి వంగిన చోట కింద ఊతం లేకపోతే పొర జారుతుంది. ఊతం ఇస్తే, విరిచిన చోట మచ్చ పడుతుంది. మచ్చ ముఖం మీద పడాలా వీపు మీద పడాలా అన్నది బొమ్మను ఏ కోణంలో పడుకోబెట్టి ప్రింటు తీస్తామన్న దాన్నిబట్టి ఉంటుంది. పొరల గీతల్ని ఇసుక కాగితంతో రుద్ది దాచాలా, చెట్టు వలయాల్లా వదిలి చూపించాలా? ఆ ప్రింటును కంచులోకి పోయాలంటే చల్లారే కంచు కుంచించుకుపోతుంది కనుక నమూనాను ముందే కాస్త పెంచాలి. ప్లాస్టిక్ పూర్తిగా కాలిపోకుండా బూడిద మిగిలితే పోతలో గుంటలు పడతాయి. పోతపని మేస్త్రీతో కూర్చుని మాట్లాడనివాడు ఈ పని చేయలేడు.

ఇవన్నీ చేశాక కూడా చెత్త బొమ్మ రావచ్చు. ఉలితోనూ అలాగే వస్తుంది. ‘నైపుణ్యం అక్కర్లేదు’ అన్న మాటకు అర్థం, ఆ నైపుణ్యం ఎలా ఉంటుందో అన్నవారు ఇంకా చూడలేదన్నదే.

గీత ఎవరి చేతిలో చస్తుంది?

మూడో మాట గీత గురించి. దీని మీద నాకు ఎక్కువ కోపం ఉంది. యంత్రం చేతిపనిని తగ్గించిన కొద్దీ గీత మీద భారం పెరుగుతుందన్న సంగతి వీళ్లు పూర్తిగా తలకిందులు చేశారు.

1965లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో గేయోర్గ్ నేస్ కంప్యూటర్‌తో గీయించిన బొమ్మలు ప్రదర్శించాడు. అక్కడికి మూడేళ్లకు పారిస్‌లో చిత్రకారిణి వేరా మోల్నార్ కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది. అంతకుముందే దాదాపు పదేళ్లుగా ఆమె యంత్రం లేకుండానే యంత్రంలా పనిచేస్తోంది: తనకు తాను నియమాలు పెట్టుకుని, వాటి ప్రకారం ఒక్కో గీతా చేత్తో గీసేది. కంప్యూటర్ వచ్చాక ఆమె అడిగిన ప్రశ్న ఎంత సాదాదో అంత కఠినం. బారులు తీరిన చతురస్రాల్లో క్రమాన్ని ఎంత చెదిరిస్తే బొమ్మకు జీవం వస్తుంది? కొంచెం తక్కువైతే అది గళ్ల కాగితం. కొంచెం ఎక్కువైతే పిచ్చిగీతలు. ప్లాటర్ అడిగినన్ని కాగితాలు గీసిపెడుతుంది, వాటిలో ఏది బొమ్మో అది చెప్పలేదు. ఆ చెప్పే కన్ను మోల్నార్‌ది. 2023 డిసెంబరులో 99వ ఏట కన్నుమూసేదాకా ఆమె ఆ కన్నుతోనే పనిచేసింది. చేతి అలసటను యంత్రం తీసుకుంది, కంటి అలసటను రెట్టింపు చేసి ఆమెకే అప్పగించింది.

మన దగ్గర చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ గీత చూడండి. నిజాంపూర్ ఊరి మనుషులు, మేకలు, చెట్లు, కోరికలు ఆయన ఎచింగుల్లో ఉన్నాయి, టెర్రకోటలోనూ ఉన్నాయి. ఎచింగ్ అంటే ఏమిటి? రేకు మీద మైనం పూసి సూదితో గీస్తారు, యాసిడ్ ఆ గీతను తింటుంది, ప్రెస్ దాన్ని కాగితం మీదికి ఒత్తుతుంది. కాగితం మీద సిరా పెట్టింది చెయ్యి కాదు, ప్రెస్సు. ఆ కాగితంలో లక్ష్మా గౌడ్ లేడని ఎవరంటారు? గీత మాధ్యమాలు దాటి నడుస్తుంది, నడవగలిగిందే గీత.

సీఎన్‌సీకి ఇచ్చే కత్తి దారి కూడా గీతే. చెంప మీద కత్తిని అడ్డంగా నడిపితే ఒక రకం వెలుగు పడుతుంది. ముక్కు నుంచి చెవి వైపు వంపు వెంట నడిపితే మరో రకం. వరసల మధ్య ఎడం పెంచితే ఒంటి మీద చాళ్లు మిగులుతాయి, తగ్గిస్తే అద్దంలా నునుపు తేలుతుంది. గీయడం వచ్చినవాడు దీన్ని పెన్సిల్ నీడలు వేసినంత శ్రద్ధతో చేస్తాడు. రానివాడు సాఫ్ట్‌వేర్ మొదట ఏది చూపిస్తే దానికి తలూపుతాడు. ఆ బొమ్మ అలాగే అఘోరిస్తుంది. రాతిలో తడబడే చేతిని రాయి కొంత దాస్తుంది. యంత్రం ఏదీ దాచదు. గీత రాని శిల్పిని అందరికంటే ముందు పట్టించేది అదే.

కనుక కళాశాలల్లో యంత్రం వస్తే డ్రాయింగ్ పీరియడ్లు తగ్గించాలనేవారినీ, డ్రాయింగ్ కాపాడాలంటే యంత్రాన్ని గేటు బయట నిలపాలనేవారినీ ఒకేసారి కాదంటున్నాను. యంత్రం ఎంత పెద్దదో గీత పాఠం అంత పొడుగుండాలి.

కోపం ఎక్కడ పడాలి?

యంత్రంతో చేసిన పనుల్లో చెడ్డవి లేవా? బోలెడు. ఏ పట్టణంలోనైనా కర్ర దుకాణాల వీధికి వెళ్లండి. సింహద్వారాలు చెక్కే రౌటర్లు రోజంతా మోగుతుంటాయి. అదే గజలక్ష్మి, అవే నెమళ్లు, అదే కలశం. ఫైళ్లు కట్టగా కొన్నవి. ఏనుగు తొండం టేకు నారకు అడ్డంగా పోతుందా నిలువుగా పోతుందా అని చూసేవాడు లేడు. గడప వెడల్పు మారితే లక్ష్మీదేవి అడ్డంగా సాగిపోతుంది. అది చూసి కోపం రావాలి. అయితే ఆ కోపం రౌటర్ మీద కాకుండా, ఒక్క నిర్ణయమూ తీసుకోకుండా సరుకు తీసినవాడి మీదా, ఒక్క ప్రశ్నా అడగకుండా కొన్నవాడి మీదా పడాలి. పాత గుడి బొమ్మను చూసి, కొలత కూడా మార్చకుండా ఉలితో మక్కీకి మక్కీ దించేవాడు కూడా ఇదే తప్పు చేస్తున్నాడు. అతనికి చేతిపని అన్న బిరుదు ఇచ్చి వదిలేస్తున్నాం.

పెద్ద విగ్రహాల దగ్గర మన ద్వంద్వనీతి పూర్తిగా బయటపడుతుంది. గుజరాత్‌లో 182 మీటర్ల పటేల్ విగ్రహం 2018లో లేచింది. శిల్పి రామ్ సుతార్ నమూనాలు చేశాడు. వాటిని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో పెంచి, వేలాది కంచు పలకలుగా విడదీసి చైనాలో పోతపోశారు. ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహం భాగాలూ చైనా కర్మాగారం నుంచే వచ్చాయి. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం కూడా ఉక్కు చట్రం మీద కంచు పలకలు తొడిగిన ఇంజినీరింగ్ పనే. వీటి ముందు పూలు చల్లుతాం, సెల్ఫీలు దిగుతాం, ‘ఎంత గొప్ప శిల్పకళ’ అంటాం. అరచేతిలో పట్టేంత బొమ్మను ఓ కుర్రాడు ప్రింటు తీస్తే మాత్రం మెషీన్ పని గుర్తొస్తుంది. ప్రభుత్వాల యంత్రం కళ, విద్యార్థి యంత్రం మోసమా?

ఈ విగ్రహాలను నిజంగా విమర్శించాలంటే అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. పాదాల దగ్గర నిలబడి తలెత్తి చూసేవాడికి పైనున్న తల చిన్నదిగా కుంచించుకుపోయి కనిపిస్తుంది. ఆ లెక్కను నమూనాలోనే సరిచేశారా? మూడడుగుల బొమ్మ మీద బాగున్న పంచె మడత వంద అడుగుల ఎత్తున గోడలా మొద్దుబారిందా? కోటు గుండీ దగ్గర నీడ నిలిచిందా? రోదిన్ కూడా లెబోసే పెంచి తెచ్చినదాన్ని కళ్లు మూసుకుని ఒప్పుకోలేదు. కొలత పెరిగితే రూపం మారుతుందని తెలిసినవాడు కనుక తన కంటికి ఆనేదాకా సరిచేయించేవాడు. పెంచడం యంత్రానిది, ఒప్పుకోవడం శిల్పిది. ఆ ఒప్పుకోలు జరిగిందా లేదా అన్నదే విమర్శ.

సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో 2023లో కాంక్రీటును పొరలుగా పేర్చే రోబో యంత్రంతో గుడి కట్టారు. వినాయకుడికి మోదకం ఆకారం, శివుడికి చతురస్రం, పార్వతికి తామర. ప్రపంచంలో ఇదే మొదటిదని ఒకవైపు డప్పు, శాస్త్రం మంట కలిసిందని మరోవైపు గోల. పొరల చాళ్లు మోదకం గుండ్రదనానికి నప్పినట్టు చతురస్రం మూలలకు నప్పాయా, తామర రేకు కొసను యంత్రం ఎంతవరకు తేల్చగలిగింది అని అడిగిన కళావిమర్శకుడు నాకు కనబడలేదు. ఆ పని ఎవరూ చేయనంతకాలం డప్పుకీ గోలకీ తేడా లేదు.

కూడు మాట

ఇప్పుడు నాలుగో మాట. ఆళ్లగడ్డలో, దుర్గిలో తరాలుగా రాయి చెక్కే కుటుంబాలున్నాయి. యంత్రం చెక్కిన విగ్రహం సగం ధరకు వస్తే వాళ్లు ఏం కావాలి? ఇది కళాతత్త్వం ప్రశ్న కాదు, బతుకు ప్రశ్న. దీన్ని తేలిగ్గా తోసేయడం అన్యాయం.

కానీ ఉలి పూజ వల్ల వాళ్లకు ఒరిగింది ఏమిటి? ఈ పనిశాలల్లోకి కరెంటు గ్రైండర్ ఎప్పుడో వచ్చింది. గంటల తరబడి పొడి రాయి కోస్తే లేచే సన్నని దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరి తెచ్చే సిలికోసిస్‌కు వైద్యంతో మళ్లించే దారి లేదు. మ్యూజియంలో ‘చేతి స్పర్శ’ గురించి పరవశించేవారు ఆ దుమ్ము గురించి ఒక్క వాక్యం రాశారా? మూసిన గదిలో, నీళ్లు చల్లుతూ, గరుకు పని అంతా యంత్రం చేసి, ముఖం, వేళ్లు, నగలు, కన్ను శిల్పికి వదిలితే అతని ఊపిరి నిలుస్తుంది, పని విలువ పెరుగుతుంది. ఆ యంత్రం నగరంలోని వ్యాపారి గోడౌన్‌లో ఉంటే శిల్పి కూలీ అవుతాడు. శిల్పుల సహకార సంఘం చేతిలో ఉంటే యజమాని అవుతాడు. పోరాడాల్సిన చోటు అది. హైదరాబాద్ టీ-వర్క్స్‌లో ఇలాంటి యంత్రాలు ప్రజల సొమ్ముతో ఏర్పాటయ్యాయి. ఆళ్లగడ్డకూ దుర్గికీ అటువంటి కేంద్రం అడగడం శిల్పుల హక్కు. యంత్రాన్ని వెలి వేస్తే అది వ్యాపారి దగ్గరికే పోతుంది, ఇంకెక్కడికీ పోదు.

ఒక్క విషయంలో చేతిపని పక్షంతో పూర్తిగా ఏకీభవిస్తాను. యంత్రంతో తీసిన బొమ్మను చేత్తో చెక్కిందని చెప్పి అమ్మడం మోసం. భౌగోళిక గుర్తింపు ఉన్న పనుల విషయంలో అది నేరుగా దోపిడీ. దానికి మందు నిజం చెప్పడం. ప్రతి శిల్పం కింద పలక మీద రూపకల్పన ఎవరిది, నమూనా ఎవరిది, చెక్కినవారు లేదా పోతపోసినవారు ఎవరు, ఏ యంత్రం వాడారు, ఆఖరి మెరుగు ఎవరిది అని రాయండి. సినిమా చివర లైట్‌బాయ్ పేరు కూడా వేస్తాం. విగ్రహం కింద శిలాఫలకం మీద మాత్రం ఆవిష్కరించిన మంత్రి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, రాయి కొట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఒంటి చేతి కథ ఇన్నాళ్లూ చేసిన అసలు హాని ఇదే. ఒక్కడి చేతిని పూజించి, మిగిలిన చేతులన్నిటినీ దాచేసింది.

యంత్రమే అర్థమైన చోట

యంత్రం వల్ల మాత్రమే సాధ్యమైన శిల్పాలు ఉన్నాయన్న సంగతి మాత్రం పూర్వపక్షంవారు ఎప్పుడూ ఎత్తరు. 2015లో ఐసిస్ ముష్కరులు మోసుల్ మ్యూజియంలో ప్రాచీన విగ్రహాలను సుత్తులతో పగలగొడుతూ వీడియో తీసి లోకం మీదికి వదిలారు. ఇరాన్‌లో పుట్టిన కళాకారిణి మొరెహ్‌షిన్ అల్లాహ్యారి ఆ ధ్వంసమైన వాటిలో 12 కృతులను పరిశోధించి, కంప్యూటర్‌లో తిరిగి మలచి, పారదర్శకమైన రెజిన్‌లో ప్రింటు తీసింది. ఒక్కో బొమ్మ లోపల మెమరీ పరికరం పెట్టి, ఆ విగ్రహం గురించి సేకరించిన చిత్రాలు, పటాలు, రాతలు అందులో దాచింది. ప్రాచీన నగరం హత్రా రాజు ఉథల్ బొమ్మ ఫైలును ఎవరైనా ప్రింటు తీసుకునేలా విడుదల చేసింది. సుత్తి ఒక్క విగ్రహాన్నే పగలగొట్టగలదు, వేల చోట్లకు పాకిన ఫైలును పగలగొట్టలేదు. ఆమె దాన్ని చేత్తో రాతిలో చెక్కి ఉంటే అది మంచి నకలు అయ్యేది. ప్రింటు తీసింది కనుకే అది జవాబైంది. ఇందులో చెయ్యేదని అడిగేవారికి ఆ బొమ్మ ఏమంటోందో వినబడదు.

కళ సరిహద్దులకు కాపలా కాసేవారి చరిత్ర ఎప్పుడూ ఇలాగే ముగిసింది. 1926లో శిల్పి బ్రాంకుసి కంచు పక్షి న్యూయార్క్ రేవుకు వస్తే, దీనికి రెక్కల్లేవు, ఈకల్లేవు, ఇది కళ కాదు అని కస్టమ్స్ వారు వంటపాత్రలు, ఆస్పత్రి సామగ్రి పద్దులో రాసి 40 శాతం సుంకం వేశారు. 1928లో కోర్టు అది కళాకృతేనని తీర్పు చెప్పింది. నునుపైన లోహాన్ని చూసి కర్మాగారం సరుకనుకున్న ఆ అధికారుల వరసలోనే, పొరల గీతలు చూసి ప్రింటర్ సరుకనుకునే మన న్యాయనిర్ణేతలూ నిలబడ్డారు.

కనుక ప్రదర్శన నియమావళిలో ‘చేతితో చేసినవి మాత్రమే’ అన్న వాక్యం ఉంటే కొట్టేయండి. దాని స్థానంలో ‘ఎలా చేశారో, ఎవరెవరు చేశారో నిజం రాయాలి’ అని పెట్టండి. విద్యార్థిని ఏ సాధనం వాడావని అడిగే ముందు ఈ మోకాలు ఇక్కడే ఎందుకు వంగిందని అడగండి. జవాబు చెప్పగలిగితే అతను శిల్పి, చెప్పలేకపోతే ఉలి పట్టినా కాదు. యంత్రం పేరు వినగానే బొమ్మ నుంచి ముఖం తిప్పుకునే విమర్శకుడికీ, ఫైలు కొని బటన్ నొక్కి చేతులు దులుపుకునే సోమరికీ నాకు పెద్ద తేడా కనిపించదు. చూడాల్సిన పనిని ఇద్దరూ ఎగ్గొట్టారు.